నాలుగు గంటలకే ఖాళీ అయ్యే ఆఫీసు

మా క్లయింటు ఆఫీసు డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ఉంది. కోపెన్‌హాగన్ తర్వాత ఆ దేశంలో పెద్ద ఊరు అదే. కోపెన్‌హాగన్‌లోని కాస్ట్రుప్ ఎయిర్‌పోర్టులో విమానం దిగి అక్కడే రైలెక్కితే మూడు గంటల పైచిలుకు ప్రయాణం. మధ్యలో గ్రేట్ బెల్ట్ అనే జలసంధి వస్తుంది. రైలు ముందు సముద్రం కింది సొరంగంలోకి దూరి, స్ప్రోగో అనే చిన్న దీవి దగ్గర పైకి తేలుతుంది. అక్కణ్నుంచి ఆరున్నర కిలోమీటర్ల వంతెన మీదుగా అవతలి గట్టు చేరుతుంది. 1997లో ఈ దారి తెరిచేదాకా రైళ్లను ఓడలోకి ఎక్కించి దాటించేవాళ్లట. మే నెల కాబట్టి దారి పొడవునా బీచ్ అనే జాతి చెట్లు లేతాకు వేసి ఉన్నాయి. పొలాల్లో గాలిమరలు. పెట్టెలో ఎవరూ ఫోన్లో గట్టిగా మాట్లాడడం లేదు. నా పక్కన కూర్చున్న మా టీమ్ కుర్రాడు ఇంటికి ఫోన్ చేయాలని గింజుకుని, చివరికి మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు.

మాది హైదరాబాద్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. వాళ్లది యంత్రాలు తయారుచేసే ఒక మధ్యస్థాయి సంస్థ. వాళ్ల విడిభాగాల గోదాములకు మేం కొత్త సిస్టమ్ తయారుచేస్తున్నాం. బయల్దేరే ముందు, ఆర్హుస్‌లోనే చాలా ఏళ్లుగా ఉంటున్న తెనాలి కుర్రాడొకడు ఫోన్లో సలహా ఇచ్చాడు. "అన్నా, మీ ప్రెజెంటేషన్‌లో ముందు స్లైడ్లన్నీ తీసేయండి. కంపెనీ చరిత్ర, అవార్డులు, లోగోలు వీళ్లకు అక్కర్లేదు. టై కూడా కట్టుకోకండి." అవార్డుల స్లైడ్లు తీసేయడానికి మా మేనేజర్ సార్‌ను ఒప్పించడం వీసా తెచ్చుకోవడం కంటే కష్టమైంది.

మీటింగ్ ఎనిమిదిన్నరకి అన్నారు. ఆ టైముకి రెండు నిమిషాల ముందే అందరూ కాఫీ కప్పులతో గదిలో ఉన్నారు. ఒక్కొక్కరూ వచ్చి చేయి కలిపి పేరు చెప్పారు. పేరొక్కటే, హోదా చెప్పలేదు. డైరెక్టర్‌ని కూడా అందరూ పేరు పెట్టే పిలుస్తున్నారు. మన 'మీరు' లాంటి గౌరవ రూపం వాళ్ల భాషలోనూ ఉంది కానీ, 1970ల నుంచి అది వాడుకలోంచి జారిపోయింది. ఇప్పుడు దాదాపు రాజుగారితో మాట్లాడాల్సి వస్తేనే దాని అవసరం. ఇదంతా ముందే చదువుకుని వెళ్లాను కాబట్టి నాకు పెద్ద వింతగా అనిపించలేదు. వింత అసలు మీటింగ్‌లో మొదలైంది.

మూడు గోదాముల్లోనూ ఒకేసారి కొత్త సిస్టమ్ పెట్టేద్దామని డైరెక్టర్ ఆలోచన. ఆయన మాట పూర్తవగానే టెస్టింగ్ చూసే అమ్మాయి, ముప్పై లోపే వయసు, "అది కుదరదు" అంది. "మొదటి గోదాములోనే సరుకు లెక్కలు సరిగ్గా లేవు. అక్కడ ఒక నెల నడిపి చూశాకే మిగతావి."

"నెల ఎందుకు? రెండు వారాలు చాలవా?"

"చాలవు. నెలాఖరు లెక్కలు ఒకసారైనా చూడాలి కదా."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "సరే, నువ్వన్నదే నయం" అని రాసుకుని తర్వాతి అంశంలోకి వెళ్లిపోయాడు. ఎవరి మొహమూ మాడలేదు. మన దగ్గరైతే ఆ మాట మీటింగ్ అయ్యాక టీ కొట్టు దగ్గర బయటికొచ్చేది. ఆ లోపల మూడు గోదాములకూ ప్లాన్ తయారయ్యేది.

కాసేపటికి ప్రశ్న మా వైపు తిరిగింది. ఒక మార్పు శుక్రవారానికి అవుతుందా అని అడిగితే, మా కుర్రాడు అలవాటు ప్రకారం "తప్పకుండా ట్రై చేస్తాం" అన్నాడు. "ట్రై చేస్తామంటే అవుతుందనా, కాదనా?" అని ఆ అమ్మాయి మామూలు గొంతుతోనే అడిగింది. వాడు నా వైపు చూశాడు. నేను తలూపాను. వచ్చే వారం మధ్యకి గానీ కాదని వాడు నిజం చెప్పేశాడు. "మంచిది, అయితే బుధవారం" అని ఆమె క్యాలెండర్‌లో పెట్టుకుంది. అంతే. శుక్రవారం అని చెప్పి బుధవారం ఇచ్చి ఉంటే మాత్రం అక్కడ క్షమాపణల ఈమెయిల్‌తో సరిపోయేది కాదు. వాళ్లు ఒక తేదీ రాసుకున్నారంటే, దాని మీద ఇంకో నలుగురు తమ పనులు పెట్టేసుకుంటారు.

మధ్యాహ్నం మమ్మల్ని వర్క్‌షాప్ చూడ్డానికి తీసుకెళ్లినాయన నీలం రంగు పని బట్టల్లో ఉన్న వెల్డర్. ఆయన కంపెనీ బోర్డులో సభ్యుడు కూడా. 35 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీల్లో ఉద్యోగులు కోరుకుంటే తమ ప్రతినిధుల్ని బోర్డుకి ఎన్నుకోవచ్చు. ఆ హక్కు 1973 చట్టంతోనే అక్కడ మొదలైంది. సంస్థ జాతకం తేల్చే సమావేశంలో ఈయన కూర్చుంటాడు, మర్నాడు వచ్చి వెల్డింగ్ చేసుకుంటాడు. ఇది తెలిశాక ఆ అమ్మాయి "కుదరదు" అన్న మాట నాకు ధైర్యంలా కాక మామూలు సంగతిలా కనపడింది.

మూడున్నర దాటాక ఆఫీసు పల్చబడింది. నాలుగయ్యేసరికి మేమిద్దరం, శుభ్రం చేసేవాళ్లు మిగిలాం. వారానికి 37 గంటలు పని. అది కూడా చట్టంలో రాసింది కాదు, యూనియన్లూ యజమానులూ కుదుర్చుకున్న ఒప్పందాల్లోది. సగం మంది పిల్లల్ని కిండర్‌గార్టెన్ నుంచి తెచ్చుకోవడానికి సైకిళ్ల మీద వెళ్లిపోయారు. వాళ్లలో డైరెక్టర్ కూడా ఉన్నాడు. సరిగ్గా అప్పుడు హైదరాబాద్‌లో ఏడున్నర. మా సార్ ఫోన్: "ఏంటి, అప్పుడే వెళ్లిపోయారా? రేపు కాస్త ఎక్కువసేపు కూర్చోమని అడగలేవా?" అడగలేనని చెప్పాను. ఐదుకి మీటింగ్ పెడితే వాళ్ల దృష్టిలో అది ఎదుటివాళ్ల ఇంట్లోకి చెప్పకుండా చొరబడడమే.

తెనాలి కుర్రాడు సాయంత్రం డాక్ వన్ దగ్గర కలిశాడు. రేవు ఒడ్డున 2015లో తెరిచిన పెద్ద లైబ్రరీ అది. లోపల పైకప్పు నుంచి పెద్ద కంచు గంట వేలాడుతుంటుంది. ఊరి ఆసుపత్రిలో బిడ్డ పుడితే తల్లిదండ్రులు అక్కడ బటన్ నొక్కుతారు, ఇక్కడ గంట మోగుతుంది. మేం ఉన్నంతసేపట్లో ఒకసారి మోగింది. చదువుకునేవాళ్లు తలెత్తి నవ్వుకుని మళ్లీ పుస్తకాల్లో పడ్డారు.

మీటింగ్ సంగతి చెబితే వాడు పకపకా నవ్వాడు. "ఆ అమ్మాయికి భయమెందుకుంటుందన్నా? ఇక్కడ ఉద్యోగం తీసేయడం యజమానికి తేలికే. నన్నూ ఓసారి తీసేశారు. కానీ మూడు నెలల నోటీసు ఇచ్చారు. అప్పటికి పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది, నిరుద్యోగ బీమా నిధిలో సభ్యత్వం ఉంది. ఇంకో ఉద్యోగం వెతుక్కునేదాకా ఇల్లు గడిచింది. ఈఎంఐ టెన్షన్ నాకు లేదు." ఆ నిధిలో చేరడం ఎవరికి వారి ఇష్టం. నెలనెలా డబ్బు కడతారు, ఏడాది సభ్యత్వం నిండితే, ఆదాయం షరతు కూడా తీరితే, ఉద్యోగం పోయినప్పుడు రెండేళ్ల వరకు భృతి వస్తుంది. దేశం మొత్తానికి కనీస వేతన చట్టం మాత్రం లేదు. జీతాలు ఒప్పందాల్లోనే తేలతాయి. దీనికి పునాది 1899లో పడింది. ఆ ఏడాది నెలల తరబడి లాకౌట్ నడిచాక, సెప్టెంబరులో యజమానుల సంఘం, కార్మిక సంఘాలు రాజీకొచ్చాయి. పని నడిపించే హక్కు మీదని కార్మికులు, సంఘం పెట్టుకునే హక్కు మీదని యజమానులు ఒప్పుకున్నారు.

డేనిష్ మర్యాదల గురించి రాసేవాళ్లంతా 'యాంటె నియమాలు' చెబుతారు. నువ్వు మాకంటే గొప్పవాడివనుకోకు, మాకంటే తెలివైనవాడివనుకోకు, ఇలా సాగుతాయవి. 1933 నాటి ఒక నవలలోంచి వచ్చిన వెటకారం అది. డేన్లు దాన్ని తలుచుకుని తమ మీద తామే నవ్వుకుంటారు. నాకైతే ఆ నవల కంటే 1899 ఒప్పందమే ఈ మనుషుల్ని ఎక్కువ అర్థమయ్యేలా చేసింది. బాస్‌ని పేరు పెట్టి పిలవడం ఎవరైనా నేర్చుకోవచ్చు, మా హైటెక్ సిటీలోనూ పిలుస్తున్నాం. పిలిచాక కాదని చెప్పగలగాలంటే మాత్రం, చెప్పినందుకు రేపు ఏమవుతుందో అన్న లెక్క ముందు తేలాలి.

క్యాంటీన్‌లో భోజనం పదకొండున్నరకే. ముదురు రంగు రై రొట్టె ముక్క మీద వెన్న, దాని మీద ఊరబెట్టిన హెర్రింగ్ చేప, లేదా కాలేయం ముద్ద. మా కుర్రాడు శాకాహారి. ఉడికించిన బంగాళాదుంప ముక్కలు పేర్చి పైన ఉల్లికాడలు చల్లిన రొట్టెతో సర్దుకున్నాడు. బ్యాగులో ఉన్న గోంగూర పచ్చడి దానికి బాగానే కుదిరింది. అరగంటలో తినడం, ఎవరి ప్లేటు వాళ్లు తీసుకెళ్లి పెట్టడం, లేస్తూ 'భోజనానికి థ్యాంక్స్' అని బల్లకంతటికీ చెప్పడం. ఒకరోజు ఒకాయన పుట్టినరోజు. బల్ల మీద చిన్న డెన్మార్క్ జెండాలు గుచ్చి ఉన్నాయి. కేకు తెచ్చింది పుట్టినరోజు వచ్చినాయనే. జెండా అంటే అక్కడ పంద్రాగస్టు గంభీరం లేదు, కేకు పక్కన కూడా దానికి చోటుంటుంది.

ఆ వారం శుక్రవారం అందరూ కాస్త విసుగ్గా ఉన్నారు. 1686 నుంచి వస్తున్న 'మహా ప్రార్థనా దినం' సెలవును రక్షణ ఖర్చుల కోసమని ప్రభుత్వం 2024 నుంచి ఎత్తేసింది. అది సరిగ్గా ఆ శుక్రవారమే రావలసింది. బదులుగా జీతంలో 0.45 శాతం కలిపారు. "డబ్బు ఎవరిక్కావాలి, నా సెలవు నాకిచ్చేయమనండి" అన్నాడు అకౌంట్స్ చూసే ఆయన. 2023లో దీని మీద పార్లమెంటు ముందు వేలమంది నిరసన తెలిపారు. గుడికి వెళ్లే అలవాటు లేనివాళ్లు ప్రార్థనల సెలవు కోసం పోట్లాడడం చూస్తే ముచ్చటేసింది.

వారాంతంలో కోపెన్‌హాగన్ వెళ్లొచ్చాం. క్రిస్టియన్స్‌హావ్న్ కాలువ పక్కన విదేశాంగ శాఖ ఉన్న చోటిని ఏషియాటిక్ ప్లాస్ అంటారు. ఏషియాటిక్ కంపెనీ ఓడల వ్యాపారం అక్కడే సాగేది. వాళ్లకంటే ముందు, 1616లో పుట్టిన డేనిష్ ఈస్టిండియా కంపెనీ తమిళనాట తరంగంబాడిలో కోట కట్టింది, మన మచిలీపట్నంలోనూ వర్తక స్థావరం నడిపింది. బందరు బట్టల బేరాల్లో వీళ్లు ఇంత ముక్కుసూటిగా ఉండేవాళ్లా అని మా కుర్రాడి అనుమానం.

మళ్లీ ఆర్హుస్. ఒక పెద్దావిడ, కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తారు, మమ్మల్ని ఇంటికి భోజనానికి పిలిచారు. పిలుపు మేం ఇండియాలో ఉండగానే ఈమెయిల్‌లో వచ్చింది, సాయంత్రం ఆరు గంటలకని. ఆరుకే వెళ్లాం. గుమ్మంలో చెప్పులు విప్పేశాం, ఆ విషయంలో ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. వంట ఆమె భర్త చేశాడు. గ్లాసు ఎత్తినప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూసి 'స్కోల్' అనాలి, తాగాక మళ్లీ చూడాలి. మా గ్లాసుల్లో ఆపిల్ రసమే అయినా పద్ధతి అదే.

ఆవిడది పాడి రైతుల కుటుంబం. 1882లో పశ్చిమ యూట్లాండ్‌లోని హ్యేడింగ్ అనే పల్లెలో రైతులు కలిసి మొదటి సహకార డెయిరీ పెట్టుకున్న కథ ఆవిడే చెప్పారు. ఆ ఉద్యమంలో ఓటు మనిషికొకటి. పది ఆవులున్నా, వంద ఉన్నా అంతే. తలల్ని లెక్కపెట్టాలి, పశువుల్ని కాదు అని అక్కడ సామెతలా చెప్పుకుంటారు. మా ఊళ్లో పాల కేంద్రం దగ్గర నాన్న క్యానుతో నిలబడే వరస గుర్తొచ్చింది. సంఘం మాదే, సభ్యత్వ కార్డు కూడా ఉండేది. ప్రెసిడెంటు ఎవరన్నది మాత్రం ఊరి పెద్ద ఇంట్లో తేలేది.

ఇంత చెప్పాక రెండో వైపూ చెప్పాలి. ఆఫీసులో ఎంతో బాగా మాట్లాడిన మనిషి సాయంత్రం బస్సులో కనపడితే కిటికీలోంచి బయటికి చూస్తాడు. భోజనాల దగ్గర మాటలు కాసేపటికి డేనిష్‌లోకి జారిపోతాయి. ఎవరో గుర్తుచేస్తే ఇంగ్లీషులోకి వస్తాయి, మళ్లీ జారతాయి. "నాకు ఇక్కడ తోటి ఉద్యోగులున్నారన్నా, స్నేహితులంటే మాత్రం మనవాళ్లూ, ఇద్దరు పోలండ్ వాళ్లూ" అన్నాడు తెనాలి కుర్రాడు. హఠాత్తుగా ఇంటికెళ్లి 'ఏం చేస్తున్నావ్' అనే అలవాటు అక్కడ లేదు. ఆ లోటు వాడి గొంతులో తెలిసింది.

చివరి మీటింగ్‌లో సిస్టమ్ మొదలుపెట్టే తేదీ తేల్చాలి. మా ప్లాన్‌లో జూలై మధ్య అని ఉంది. హైదరాబాద్ నుంచి వీడియోలో సార్ కూడా ఉన్నారు. జూలై అనగానే గదిలో నవ్వులు. మే నుంచి సెప్టెంబరు ఆఖరు లోపు వరసగా మూడు వారాలు సెలవు తీసుకునే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉంది. ఎక్కువమంది జూలైలోనే పోతారు. వాళ్ల క్యాలెండర్‌లో అన్నీ వారాల నంబర్లే. "28, 29, 30 వారాల్లో ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. 33వ వారం చేద్దాం" అంది టెస్టింగ్ అమ్మాయి. నేను వెతికి చూస్తే అది ఆగస్టు మధ్య వారం.

"అందులో పదిహేను మాకు స్వాతంత్ర్య దినం, సెలవు" అన్నాను.

వీడియోలోంచి సార్ అందుకున్నారు: "ఫర్వాలేదు, ప్రాబ్లం లేదు. అవసరమైతే ఇద్దర్ని కూర్చోబెడతాం."

ఆమెకు అర్థం కాలేదు. "సెలవా, కాదా?" అని నన్నే అడిగింది.

"సెలవే" అన్నాను. ఆమె 33 కొట్టేసి 34 రాసింది. సార్ మ్యూట్‌లోకి వెళ్లిపోయారు.