సూర్యాపేటలో గన్నులు రెండు, బండ్లు అయిదు

పెట్రోలు బంకులో ముందు నాలుగు బండ్లున్నా పావుగంటలో మన వంతు వచ్చేస్తుంది. ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్ పాయింట్ దగ్గర ముందున్నది ఒక్క బండే అయినా ముప్పావుగంట ఆగాలి. హైదరాబాద్ నుంచి విజయవాడకి దాదాపు 275 కిలోమీటర్లు, సూర్యాపేట ఇంచుమించు సగం దారి. టిఫినుకీ ఛార్జింగుకీ అందరూ ఆగేది అక్కడే. ఇక సంక్రాంతి సంగతి చెప్పనక్కర్లేదు.

పేచీలన్నీ 80 శాతం దగ్గరే మొదలవుతాయి. 50 యూనిట్ల బ్యాటరీ అనుకోండి. 20 నుంచి 80 దాకా ఎక్కాల్సింది 30 యూనిట్లు. 60 కిలోవాట్ల మిషను మొత్తం మీకే దొరికితే సుమారు 40 నిమిషాల పని. వందకి మిగిలింది 10 యూనిట్లే కదా అని కూర్చుంటారు చాలామంది. బ్యాటరీలోని సెల్ వోల్టేజీ పైహద్దుకి దగ్గరపడుతుంటే బండే కరెంటు తగ్గించుకుంటూ పోతుంది. అందుకని ఆ 10 యూనిట్లకి ఇంకో అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట. వెనక బండి ఉంటే 80కే తీసేయండి. అవతల దారిలో ఛార్జరు లేని ఊరికి వెళ్తున్నవాళ్ళకి 90 కావాల్సి రావచ్చు, తప్పులేదు. ఆ మాట ముందే చెబితే వెనకవాళ్ళు కోదాడ దాకా లాగగలరేమో చూసుకుంటారు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీని అప్పుడప్పుడు 100 నింపాలన్నది నిజమే, కానీ అది రాత్రిపూట ఇంట్లో 15 యాంప్స్ సాకెట్ మీద చేసుకునే పని.

రెండు గన్నుల (బండికి తగిలించే ఛార్జింగ్ ప్లగ్గుల) మిషనుతో ఒక తిరకాసు ఉంది. 60 కిలోవాట్లు అని రాసున్నా, రెండో గన్ను తగిలించగానే చాలా మిషన్లు 30, 30గా పంచేస్తాయి. అవతలాయన 40 నిమిషాల పని గంట దాటుతుంది. పక్కన ఇంకో మిషను ఖాళీగా ఉంటే దానికే వెళ్ళండి. అదే ఒక్కటైతే మాత్రం మొహమాటపడక్కర్లేదు, రెండో గన్ను ఉన్నది అందుకే. మే నెల ఎండలో హైవే మీద తోలుకొచ్చిన బ్యాటరీ వేడెక్కి తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆ నెమ్మదికి పక్క బండివాళ్ళ మీద విసుక్కోకండి.

పెట్టేటప్పుడు ఛార్జింగ్ మూత ఎటుందో చూసుకోండి. పంచ్, జెడ్ఎస్ ఎలక్ట్రిక్ కార్లకి ముందు, నెక్సాన్‌కి వెనక పక్కన. అడ్డదిడ్డంగా పెడితే ఒక్క బండే రెండు గన్నులకీ అడ్డం. కామెట్ లాంటి డీసీ (ఫాస్ట్ ఛార్జరు ఇచ్చే కరెంటు) ఎక్కని బండ్లు ఫాస్ట్ ఛార్జరు ముందు ఆపడమంటే దారికి అడ్డంగా మంచం వేసుకోవడమే.

టిఫినుకి వెళ్తుంటే డాష్‌బోర్డు మీద చీటీ పెట్టండి. ఫోన్ నంబరు, ఎంత శాతానికి తీస్తారు, సుమారు ఎన్నింటికి, ఈ మూడూ చాలు. ‘80కి తీసేస్తా, 4.40’ అని కనబడితే వెనకవాళ్ళు కూడా నిశ్చింతగా ఇడ్లీ తినొస్తారు. యాప్‌లో ‘ఖాళీ’ అని చూపించినా అక్కడ మనిషి నిలబడి ఉంటే వంతు ఆ మనిషిదే. ముందొచ్చినవాళ్ళది 40 శాతం, మీది 6 శాతం అయితే అడిగి చూడండి, చాలామంది ఇస్తారు. ఇవ్వకపోతే అలగకూడదు.

ఆపేటప్పుడు మొదట యాప్‌లో స్టాప్ నొక్కి, తర్వాత బండి అన్‌లాక్ చేసి గన్ను లాగండి. ఊడి రాకపోతే అది లాక్ పడి ఉందన్నమాట, ఇంకోసారి అన్‌లాక్ కొట్టి చూడండి. కంగారులో ఎర్ర బటన్ మాత్రం నొక్కొద్దు. అది ప్రమాదం జరిగినప్పటి కోసం. నొక్కితే మిషను మొత్తం ఆగిపోయి పక్క బండి ఛార్జింగు కూడా తెగుతుంది. బటన్ తిప్పి పైకి లేపినా ఒక్కోసారి కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి రీసెట్ చేయించుకోవాల్సిందే. తీసిన గన్నుని కింద పడేయకుండా హోల్డర్‌లో పెట్టండి. పిన్నుల్లోకి మట్టి, వాన నీళ్ళు పోతే తర్వాతి బండికి ఎర్రర్ చూపిస్తుంది. కేబుల్ కూడా చుట్టి కొక్కేనికి తగిలించండి. నేల మీద వదిలేస్తే వచ్చే బండి టైరు కిందే పడుతుంది.