విశాఖలో ఆగిన పెట్టె

విశాఖలో ఆఫీసులు పది గంటలకు తెరిస్తే ఇక్కడ అబిజాన్‌లో తెల్లవారుజాము నాలుగున్నర. ఆ వేళకు పలాస నుంచి ఫోన్ మోగిందంటే ఎక్కడో ఏదో పెట్టె, అంటే సరుకు కంటైనర్, ఆగిందనే. మామూలు కబుర్లకు ఏ జీడి ఫ్యాక్టరీ షావుకారూ ఆ టైములో మనిషిని లేపడు.

ఐవరీ కోస్ట్‌లో నేను చేసేది జీడి పిక్కల క్వాలిటీ పని. ప్రపంచంలో పచ్చి జీడి పిక్కలు అన్నిటికన్నా ఎక్కువ పండేది ఈ దేశంలోనే. పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీలు ఏడాది పొడుగునా ఆడాలంటే ఉద్దానం పంట ఒక్కటే చాలదు, అందుకని ఇక్కడి సరుకు ఓడెక్కుతుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా సీజన్. గోదాములో బస్తాల్లోంచి అక్కడక్కడా శాంపిల్ తీసి, కలిపి, కిలో తూచి, ఒక్కో పిక్కనీ కట్టర్‌తో చీల్చాలి. మంచి పప్పు ఒక పక్క, మచ్చలున్నది ఒక పక్క, పుచ్చింది ఇంకో పక్క. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందో లెక్క కట్టి చెబితే దాని మీద రేటు తెగుతుంది. నలభై ఏడు వస్తే అందరి మొహాలూ వెలుగుతాయి. తేమ పది శాతం దాటితే నేను సంతకం పెట్టను. సాయంత్రానికి జీడి చమురు అంటుకుని వేళ్ళు నల్లబడి మండుతాయి. మా ఊరి ఆడవాళ్ళకు ఆ మంట గురించి నేను చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతదంతా కాగితాల పని. సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, ఇన్‌వాయిస్, ఆరిజిన్ సర్టిఫికెట్, మొక్కల ఆరోగ్యం తాలూకు ఫైటో సర్టిఫికెట్, పురుగు చావడానికి పొగ పెట్టించినట్టు ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్. వీటిలో సగం ఫ్రెంచిలో తయారవుతాయి. విశాఖలో కస్టమ్స్ ముందుగా చూసేది ఈ కాగితాలనే. పిక్క ఎంత బాగున్నా వాళ్ళకు అది తర్వాతి సంగతి.

ఒక సీజన్‌లో, మే నెల ఎండల్లో, మా పెట్టె ఆగింది ఈ కాగితాల దగ్గరే. కంటైనర్ నెంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. పొగ పెట్టిన కంపెనీ వాళ్ళు సర్టిఫికెట్ మీద రెండు అంకెలు తారుమారు చేసి కొట్టారు. ఆ ఏడో అంకె మిగతావాటి నుంచి లెక్క కట్టి పెట్టేది. విశాఖలో మా క్లియరింగ్ ఏజెంటు లెక్క వేసి చూస్తే, సర్టిఫికెట్ మీద ఉన్న నెంబరు గల పెట్టె లోకంలో ఎక్కడా ఉండదని తేలిపోయింది. టైపింగ్ తప్పేనని అందరికీ తెలుస్తూనే ఉంది. అయినా బయటి పురుగూ తెగులూ లోపలికి రాకుండా చూసే ప్లాంట్ క్వారంటైన్ వాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ విడుదల లేనిదే కస్టమ్స్ 'అవుట్ ఆఫ్ ఛార్జ్', అంటే సరుకు తీసుకెళ్ళొచ్చన్న అనుమతి, ఇవ్వదు. నిజం చెప్పాలంటే ఆ ఆఫీసరును నేను తప్పుపట్టను. పొగ పెట్టని పెట్టెను కూడా ఇదే మాట చెప్పి దాటించాలనుకునేవాళ్ళు ఉంటారు కదా.

"ఏటి బాబూ, రెండంకెలకి ఇంత పెంటా?" అన్నాడు షావుకారు. సరుకు ఓడ మీద ఉండగానే ఆయన హై సీ సేల్‌లో కొన్నాడు. కాబట్టి కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి కాగితం, బిల్ ఆఫ్ ఎంట్రీ, ఆయన పేరు మీదే. ఓడ రాకముందే దాన్ని వేసేయడం వల్ల ఆలస్యం జరిమానా మాత్రం తప్పింది. లేకపోతే మొదటి మూడు రోజులూ రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000 పడేది. కానీ షిప్పింగ్ లైను ఇచ్చిన ఫ్రీ రోజులు అయిపోగానే పెట్టెను తిరిగివ్వనందుకు డిటెన్షన్ ఛార్జీ, యార్డులో చోటుకు అద్దె మొదలయ్యాయి. కస్టమ్స్ తనంతట తాను నిలిపేసిన సరుకు మీద యార్డువాళ్ళు అద్దె తీసుకోకూడదని కస్టమ్స్ వాళ్ళ 2009 రెగ్యులేషన్లలో ఉంది. మాది కాగితం లోటు, అది అడిగే మొహం కూడా లేదన్నాడు ఏజెంటు. ముప్పై రోజుల్లో విడిపించకపోతే వేలం వేసే అధికారం చట్టంలో ఉందని కూడా ఆయనే గుర్తుచేశాడు, షావుకారు బీపీ మాత్ర వేసుకునే టైముకి.

ఇక్కడ ఆఫీసులు ఎనిమిదికి తెరిచేసరికి విశాఖలో మధ్యాహ్నం ఒకటిన్నర. ఫ్యూమిగేషన్ కంపెనీ గుమ్మం ముందు నిలబడితే, సవరించిన సర్టిఫికెట్ కావాలంటే పాతది వెనక్కి ఇమ్మన్నారు. పాతదేమో విశాఖ ఫైల్లో ఉంది. నా వచ్చీరాని ఫ్రెంచితో వాదించి, పాతది రద్దయినట్టు వాళ్ళ చేతే ఒక లెటర్ రాయించి, కొత్త దానితో కలిపి కొరియర్ వేశాను. స్కాన్ కాపీ చాలదు, ఒరిజినలే కావాలి.

కస్టమ్స్ ధర దగ్గర పెట్టే పేచీ వేరు. డిక్లేర్ చేసిన రేటు, అదే సమయంలో వచ్చిన మిగతా దిగుమతుల రేటు కన్నా తక్కువగా కనిపిస్తే ఆఫీసరు ప్రశ్నలు వేస్తాడు. ఒప్పందం మార్కెట్ పెరగకముందు కుదిరిందని రుజువులు చూపించే లోపు పిక్క బూజు పడుతుంది. పచ్చి పిక్కకు డ్యూటీ రెండున్నర శాతమే. అలాంటప్పుడు కస్టమ్స్ చట్టం సెక్షన్ 18 కింద ప్రొవిజనల్ అసెస్‌మెంట్, అంటే తాత్కాలికంగా డ్యూటీ లెక్క, అడిగి, బాండూ గ్యారంటీ ఇచ్చి సరుకు ముందు బయటకు లాగేసి, తగువు తర్వాత పడటం మేలు. "న్యాయం నాది, నేనెందుకు కట్టాలి" అని పట్టుబట్టినవాళ్ళు ఆ న్యాయాన్ని యార్డు అద్దెలో పోగొట్టుకోవడం చూశాను.

ఆ పెట్టె ఆగిన రోజుల్లోనే ఇంటికి ఫోన్ చేశాను. మాది మందస దగ్గర. 2018 అక్టోబర్ 11న వచ్చిన తిత్లీ తుఫానుకు మా జీడి తోట నేలకొరిగింది. మొక్కలు మళ్ళీ కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కదా, అలా నేను ఈ దేశం వచ్చాను. బస్తాకు 16,000 రూపాయలు ఇవ్వాలని ఉద్దానం రైతులు ఆ మధ్య గొడవ చేసినప్పుడు, ధర పడిపోవడానికి విదేశీ పిక్కలే కారణమని వాళ్ళు తిట్టింది నేను సంతకం పెట్టి పంపే సరుకునే.

పెట్టె ఆగిందని చెబితే మా నాన్న నవ్వాడు. "ఆగనీరా. ఇంకో పది రోజులు ఆగితే మన పిక్కలకి బేరం తగుల్తాది" అన్నాడు. నాకు టెన్షన్‌లో నవ్వు రాలేదు. కానీ ఆయన లెక్క తప్పేమీ కాదు. మా పెట్టెలాంటివి పోర్టులో కూర్చున్న వారంలో చిన్న ఫ్యాక్టరీలు బట్టీలు ఆపలేక తోటల దగ్గరికే వెళ్ళి కొంటాయి. ఆయన అమ్మేశాడు కూడా. ఎంతకని అడిగితే "నీకెందుకు, ఆఫ్రికా షావుకారివి" అన్నాడు.

కొత్త సర్టిఫికెట్ చేరాక క్వారంటైన్ వాళ్ళు శాంపిల్ తీశారు, పురుగు లేదన్నారు, పెట్టె కదిలింది. పలాసలో తలుపు తీస్తే పైవరుస బస్తాలు చెమ్మగిల్లి ఉన్నాయి. లోపల క్రాఫ్ట్ పేపర్ పరిచినా, తేమ పీల్చే సంచులు వేలాడదీసినా, మే ఎండకు పగలు ఉడికి రాత్రి చల్లబడితే రేకు కప్పు నుంచి నీళ్ళు కారతాయి. ఇక్కడ నలభై ఏడు కట్టిన సరుకు అక్కడ నలభై ఐదుకు దిగింది.

మరుసటి సీజన్ కాంట్రాక్టులో షావుకారు ఒక లైను పెట్టించాడు: కాగితాల్లో తప్పు వల్ల అయ్యే ఖర్చు ఎగుమతిదారుదేనని. ఇక్కడివాళ్ళు గొడవ లేకుండా ఒప్పుకున్నారు, టన్ను మీద రేటు కొంచెం పెంచి.