కొచ్చిలో బోటు బేరం

వైజాగ్ వాళ్ళకి సముద్రంలోంచి సూర్యోదయం ఫ్రీ, సాయంత్రం మాత్రం సూర్యుడు మన వీపు వెనక కొండల్లోకి పోతాడు. అందుకే కొచ్చిలో పొద్దుగూకడం బోట్లోంచే చూడాలని మా ఆవిడ ట్రైన్ టికెట్లు తియ్యకముందే డిసైడైపోయింది. బొకారో ఎక్స్‌ప్రెస్ ప్రయాణం గురించి చెప్పను, డిసెంబర్లో ఆ బండి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే.

మెరైన్ డ్రైవ్‌లో అడుగు పెట్టామో లేదో "సామీ, బోటింగా సామీ" అని ముగ్గురు చుట్టుముట్టారు. నేను మాల వెయ్యలేదు, అయినా శబరిమల సీజన్లో తెలుగు వినబడితే చాలు అందరూ సాములే అక్కడ. ఒకడు గంటకి మనిషికి ఐదొందలన్నాడు, ఇంకొకడు మూడొందలే కానీ డీజే ఉంటుందన్నాడు, డీజే ఆపేస్తే ఎంత అంటే అదే మూడొందలట! మా ఆవిడ మాత్రం ఒకటే అడుగుతోంది, ఆరింటికి బోటు ఎక్కడుంటుంది అని. "సన్‌సెట్ ఉంది మేడం, ఫుల్ సన్‌సెట్" అంటాడే తప్ప చెప్పడు.

మ్యాప్ తీస్తే అప్పుడర్థమైంది. మెరైన్ డ్రైవ్ ముందున్నది సముద్రం కాదు, కాయల్, అంటే బ్యాక్‌వాటర్. పడమటికి వల్లార్‌పాడం, వైపిన్ దీవులు అడ్డం. బోల్గాట్టి దీవి చుట్టూ తిప్పి తెచ్చేస్తే మనకి కనబడేది కంటైనర్ టెర్మినల్ క్రేన్ల వెనక్కి జారిపోయే సూర్యుడు, దానికి మన వైజాగ్ పోర్టు చాలు కదా. నీళ్ళల్లోకి దిగేది చూడాలంటే ఫోర్ట్ కొచ్చి దగ్గర, మొగలో, అంటే ఆ కాయల్ సముద్రంలో కలిసేచోట ఉండాలి.

అప్పటికే ఐదు. వాటర్ మెట్రో బోటంటే ఏసీ, అద్దాలు, "అద్దంలోంచి చూడ్డానికి ఇంట్లో టీవీ ఉంది" అంది ఈవిడ. దాంతో జెట్టీకి పరిగెత్తి సర్కారు బోటెక్కాం, టికెట్ పది రూపాయలు కూడా లేదు, పక్కన ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే ఒకావిడ సంచి ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. ఫోర్ట్ కొచ్చిలో దిగి వైపిన్ వెళ్ళే రో-రో పట్టుకున్నాం, అదే, ఆటోలూ లారీలూ ఎక్కించుకునే పంటు. అది దాటేది సరిగ్గా మొగలోనే, ఒకపక్క చీనా వలలు, వాటి అవతల అంతా అరేబియా సముద్రం. దాటడానికి ఐదు నిమిషాలే, అందుకని దిగడం, మళ్ళీ టికెట్ తీసుకోవడం, ఎక్కడం. పెట్రోలు వాసనలో, స్కూటర్ల మధ్య నిలబడి మునిగేదాకా చూశాం. ఫొటోలన్నిట్లో ఒక ఆటో అద్దం పడింది.

మూడోసారి టికెట్ కుర్రాడు మమ్మల్ని గుర్తుపట్టి, ఇంతకీ మీరు ఎక్కడికెళ్ళాలి అన్నాడు.