పెన్సిల్ లాక్కోకుండా సాయం

నేను పాఠం చెప్పే ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. చిన్నవాళ్లకు గుణింతాలు చెబుతున్నంతసేపూ పెద్దవాళ్లు ఒత్తులు వాళ్లంతట వాళ్లే రాసుకోవాలి. కాబట్టి పిల్లలు ఒకరికొకరు నేర్పుకోక తప్పదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇందుకు సరేనంది. పిల్లలు ఇష్టపడి చేయాలనీ, ఉపాధ్యాయులు గమనిస్తూ ఉండాలనీ చెప్పింది.

కానీ ఏడేళ్ల పిల్లల సాయం ఎలా ఉంటుందో చూడాలి! పక్కవాడు ‘అక్క’ దగ్గర ఆగగానే ఒక చెయ్యి వచ్చి పెన్సిల్ లాక్కుంటుంది. ‘‘ఇది కూడా రాదా? టీచర్, వీడిది నేనే రాశాను!’’ అని కేక. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. పని పూర్తయితే సాయం అయిపోయినట్టేనని వాళ్ల లెక్క.

నీతికథల జోలికి నేను పోలేదు. కథ విని అందరూ బుద్ధిగా తలలూపుతారు, మరుక్షణం పెన్సిల్ లాక్కుంటారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజున మొదలుపెట్టాను. ఒకటో తరగతి వాళ్లకు పెద్దవాళ్లు గుడ్డు వలిచి ఇస్తుంటే, సగం తెల్లసొన పెంకుతోనే పోయేది. ముందు ‘‘నేను వలవనా, నువ్వే వలుచుకుంటావా?’’ అని అడగమన్నాను. గాలి అర ఉండే వెడల్పు వైపు తట్టి, కొంచెం పెంకు తీసి, మిగతాది చిన్నవాళ్ల చేతికే ఇవ్వమన్నాను. వాళ్లు నత్తనడకన వలుస్తుంటే చేతులు కట్టుకుని చూడటం పెద్దవాళ్లకు నరకమే. అయినా చూశారు.

తర్వాత అదే పద్ధతిని చదువులోకి తెచ్చాను. నేను ఏమీ రాని పిల్లలా నేల మీద కూర్చుని ‘అక్క’ రాయలేక తికమకపడ్డాను. ‘‘క కింద క ఒత్తు!’’ అని ఒకడు అరిచేశాడు. ‘‘నువ్వే చెప్పేస్తే నేనేం చేయాలి?’’ అని మూతి ముడిచాను. కాసేపు ఆలోచించి ఒక పాప, ‘‘గోడ మీద చార్టులో ‘కుక్క’ ఎలా ఉందో చూడండి టీచర్’’ అంది. ఆ రోజు నుంచి మా గదిలో అదే నియమం: పెన్సిల్ ఎవరిదో వాళ్ల చేతిలోనే, సాయం నోటితోనే.

అసలు కష్టం సాయం అందుకునేవాళ్లతో వచ్చింది. ఎప్పుడూ చెప్పించుకునే ఒక పాప, ఎవరైనా దగ్గరికొస్తే పలకను చేత్తో మూసేసేది. ‘‘వద్దు’’ అనవచ్చని ఆమెకు, వద్దంటే అలగకుండా వెనక్కి రావాలని మిగతావాళ్లకు చెప్పాను. ఈ రెండోది అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. పుల్లలను పదేసి కట్టలు కట్టి లెక్కించడంలో ఆ పాపదే పైచేయి. లెక్కల వేళ అందరినీ ఆమె దగ్గరికే పంపాను. పలక మీది చెయ్యి నెమ్మదిగా తొలగింది. అందుకే శాశ్వత లీడర్లను పెట్టలేదు. బ్యాడ్జి తగిలిస్తే సాయంత్రానికల్లా ఇన్‌స్పెక్టర్లు తయారవుతారు.

ఇప్పుడు స్లిప్ టెస్టులోనూ ‘‘చార్టు చూడు’’ అని గుసగుసలు వినిపిస్తున్నాయి. ఆ పూటకు చార్టును గోడవైపు తిప్పి పెడుతున్నాను.