స్నూకర్ క్లబ్బులో గంట రేటు ఎలా కట్టానంటే

పక్క క్లబ్బు రేటు కనుక్కుని పది రూపాయలు తగ్గించి బోర్డు పెట్టడం మామూలు పద్ధతి. రెండు స్నూకర్, రెండు పూల్ టేబుళ్లకి నేను ఖర్చు వైపు నుంచి లెక్క కట్టాను.

అద్దె 50,000, ఇద్దరు మార్కర్ల (టేబుళ్లు చూసుకుని స్కోరు రాసేవాళ్ల) జీతాలు 30,000, కరెంటు, చిల్లర ఖర్చులు 22,000. వెరసి 1,02,000. టేబుల్‌కి నెలకి 25,500, రోజుకి 850. గంటకి 200 చొప్పున నాలుగుంపావు గంటలు ఆడితే గిట్టుబాటు అనిపిస్తుంది. కానీ ఇందులో టేబుల్ మీద పరిచే గుడ్డ అరుగుదల లేదు.

స్నూకర్ టేబుల్‌కి మంచి ఉన్ని గుడ్డ, బిగింపు కలిపి 45,000 పడింది. 1,500 గంటలకల్లా బ్లాక్ స్పాట్ (నల్ల బంతి పెట్టే చోటు) చుట్టూ, బాల్క్ గీత (ఆట మొదలుపెట్టే వైపు అడ్డగీత) దగ్గర పల్చబడింది. అంటే గంటకి 30. మిగిలేది 170 కాబట్టి రోజుకి అయిదు గంటలు ఆడాల్సిందే. ఆ 30 ఏరోజుకారోజు వేరే ఖాతాలో వేస్తాను. పూల్‌కీ ఇదే పద్ధతి, అంకెలే వేరు.

ఆ 1,500 గంటలైనా రావాలంటే పొద్దున్నే బ్రష్ పట్టాలి. బాల్క్ వైపు నుంచి బ్లాక్ వైపుకే, వెనక్కి లాగకూడదు. ఎదురు రుద్దితే నూగు లేచి, మెల్లగా వెళ్లే బంతి పక్కకి జారుతుంది. తర్వాత అదే దిశలో ఇస్త్రీ. ముందు పెట్టెని న్యూస్‌పేపర్ మీద ఆనించి చూడాలి, కాగితం రంగు మారితే గుడ్డ కాలినట్టే. నూగులేని పూల్ గుడ్డకి ఈ తంటా లేదు. బంతులు తుడవకపోతే వాటికంటిన చాక్ (క్యూ కర్ర కొనకి రాసే సుద్ద) పొడి గుడ్డని గరుకు కాగితంలా కొరికేస్తుంది.

రేటు ఫ్రేమ్‌కి (ఒక ఆటకి) కాదు, గంటకే. కొత్తవాళ్ల ఫ్రేమ్ ముప్పావు గంట సాగుతుంది, చెయ్యి తిరిగినవాళ్లది ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. టేబుల్ లైటుకే మీటరు కలిపాను. లైటు వెలిగితే బిల్లు మొదలు, మార్కర్ స్నేహితులకైనా సరే.

సాయంత్రం 5 నుంచి 10 వరకు ఎలాగూ నిండుతుంది, పగలే ఖాళీ. స్టూడెంట్ పాస్ మొదట రోజంతా చెల్లేలా ఇచ్చి చేతులు కాల్చుకున్నాను. పాస్‌వాళ్లు ఏడింటికి టేబుల్ పట్టుకుంటే డబ్బిచ్చేవాళ్లు మెట్లు దిగిపోయారు. ఇప్పుడది 11 నుంచి 4 వరకే.

ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. రేటు పెంచకుండా 200లోనే 18 శాతం కలిపేస్తే చేతికొచ్చేది 169.50, గుడ్డకి తీస్తే 139.50. అప్పుడు ఆ అయిదు గంటలు కాస్తా ఆరు దాటుతుంది.