ఎలుక కణాలకు మనిషి ప్రైమర్లు

పీహెచ్‌డీలో సార్ ఇచ్చిన మొదటి పని చూడ్డానికి చిన్నదే. అనంతపురంలోని మా ల్యాబ్‌లో, లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌లో ఓ పాత వయల్ ఉంది. మూత మీద సగం చెరిగిపోయిన మార్కర్ రాత: ఎల్ఎల్‌సీ. అంటే లూయిస్ లంగ్ కార్సినోమా, ఎలుక ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు. "మూత మీది రాత నమ్మొద్దు, జన్యువు చూసి చెప్పు" అన్నారు సార్.

ఎలుకలతో పనంటే కరుస్తాయేమోనని మా అమ్మకు భయం. ఆ ఎలుక 1951 నాటిదమ్మా, మిగిలింది దాని కణాలే అంటే నమ్మదు.

కణాలు బాగానే పెరిగాయి. కణాల్లో చొరబడే మైకోప్లాస్మా బ్యాక్టీరియా లేదని తేల్చుకుని డీఎన్ఏ తీశాను. చూడాల్సింది కణం పెరుగుదలను నడిపే కేరాస్ జన్యువులో 12వ కోడాన్, అంటే ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల ముక్క. మనుషుల ఊపిరితిత్తుల క్యాన్సర్లలోనూ ఈ జన్యువు తరచూ దెబ్బతినేది అక్కడే. ఆ భాగానికి బోలెడు కాపీలు తీసే పీసీఆర్ పెట్టాను. కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలే ప్రైమర్లు. జెల్ మీద కొలతకు వేసే ల్యాడర్ ఒక్కటే మెరుస్తోంది, నా డీఎన్ఏ గీత, అంటే బ్యాండ్, లేదు. టెంపరేచర్ మార్చాను, ఎంజైమ్ మార్చాను, కరెంటోళ్లను తిట్టుకున్నాను. పదిరోజులు పోయాయి. చివరికి సార్ నా ప్రైమర్లు చూసి నవ్వారు. "ఏమబ్బీ, ఎలుకకు మనిషి చొక్కా తొడిగినావే!" డేటాబేస్‌లో నేను తెరిచింది మనిషి కేరాస్. ప్రొటీన్ రెండిట్లో దాదాపు ఒకటే గానీ, నా ప్రైమర్లు అతుక్కోవాల్సిన ఇంట్రాన్లు, అంటే జన్యువులో ప్రొటీన్‌గా మారని భాగాలు, కలవవు. మనిషిలో అది 12వ క్రోమోజోమ్ మీద, ఎలుకలో 6వ దాని మీద ఉంటుందన్న సంగతి పరీక్షలో రాసినవాణ్ణే!

కొత్త ప్రైమర్లతో బ్యాండ్ వచ్చింది. డీఎన్ఏ అక్షరాలు చదివే సీక్వెన్సింగ్‌కు బెంగళూరు పంపాను. ఫైల్ తెరిస్తే కోడాన్ మొదటి అక్షరం దగ్గర గ్రాఫ్‌లో ఒకే చోట రెండు పీకులు (శిఖరాలు). నల్లటి జీ, దాంట్లోనే ఎర్రటి టీ. జీజీటీ ఉండాల్సిన చోట ఒక కాపీలో టీజీటీ. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం పోయి సిస్టీన్, అంటే జీ12సీ. ఎల్ఎల్‌సీకి ఉండాల్సిందే. సీఎంటీ167 అనే మరో ఎలుక ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు అయ్యుంటే జీ12వీ, అంటే గ్లైసిన్ బదులు వాలీన్, కనిపించేది.

సంబరం ఒక్కరోజే. జీ12సీ మీద పనిచేసే సొటొరాసిబ్ అనే మందుకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే ఈ కణాల మీద వేద్దామని నా ప్లాన్. "ఎన్‌రాస్ కూడా చూడు" అన్నారు సార్. అది కేరాస్‌కు తోబుట్టువు లాంటి జన్యువు. చూస్తే 61వ కోడాన్‌లో గ్లుటమైన్ బదులు హిస్టిడిన్. మా ఊరి లెక్కలో చెప్పాలంటే, కేరాస్ బోరు ఆపినా పక్కన ఎన్‌రాస్ బోరు పోస్తూనే ఉంటుంది, చేను ఎండదు. ఇది చూడకుండా మందు వేసుంటే, తప్పంతా మందుదేనని రాసేవాణ్ణి.

ఎన్‌రాస్ తీసేసిన ఎల్ఎల్‌సీ కణాలను లండన్ పరిశోధకులు తయారుచేశారు. వాటికోసం సార్ నిన్ననే మెయిల్ పెట్టారు.