కర్రోడు ఏడ్చిన రాత్రి

"కుక్క ఏడుస్తుందంటే ఆ ఇంటికి కీడే వదినా." నాకు 103 జ్వరం ఉన్న నాలుగో రోజున, మంచం పక్కన కూర్చుని మా ఆడబిడ్డ అన్న మాట ఇది. నెలలు గడిచినా చెవుల్లోంచి పోలేదు.

ఏడ్చింది పక్కింటి కర్రోడు. వాళ్లు పెట్టుకున్న పేరు టామీ, ఒళ్లంతా నలుపు కాబట్టి నాకు కర్రోడు. మా ఆయనకు కాజీపేట రైల్వేలో డ్యూటీ, కొడుకు హైదరాబాద్‌లో. హనుమకొండలోని ఈ ఇంట్లో పొద్దంతా నాకు తోడు వాడే. సాయంత్రం ప్రహరీ మీద ముందుకాళ్లు వేసి నిలబడతాడు. రొట్టె ముక్క పెట్టి, ఎడమ చెవి వెనక గోకితేనే దిగుతాడు. నాలుగు రోజులుగా నేను కనిపించలేదు, అందుకే ఏడ్చి ఉంటాడు. కానీ ఆ మాట విన్నాక నాకూ భయమేసి, కిటికీలోంచి "ఛీ, పో" అని కసిరాను. తోక ముడుచుకుని దిగిపోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు మొదలైన జ్వరం. ఒళ్లు నొప్పులకని ఒక ఆర్‌ఎంపీ నొప్పుల సూది వేశాడు. డెంగీలో అలాంటి సూదులు, ఐబుప్రొఫెన్ మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయట, పారాసిటమాలే వాడాలట. రెండో రోజు పరీక్షలో డెంగీ అని తేలితే, క్లినిక్‌లో "పండ్లరసాలు తాగండి, వచ్చే వారం రండి" అని పంపేశారు.

ఐదో రోజు జ్వరం దిగింది. గండం గడిచిందనుకుని మా ఆయన నైట్ డ్యూటీకి వెళ్లారు. రాత్రి రెండు దాటాక కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వాంతులు. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. పెరట్లో బాత్రూమ్‌కి పోతూ సంపు దగ్గర పడిపోయాను. ఫోన్ మంచం మీదుంది. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. చెంప కింద సంపు మీది ఇనుప మూత చల్లగా తగులుతోంది. ఇక ఇంతేనా అనుకున్నాను.

అప్పుడు మెడ దగ్గర తడి ముక్కు. కర్రోడు గోడ దూకి వచ్చాడు. నన్ను వాసన చూసి, మళ్లీ అటు దూకి, వాళ్ల తలుపు గీరుతూ మొరిగాడు. మళ్లీ నా దగ్గరికి, మళ్లీ అటు. "ఏమైందిరా నీకు గిప్పుడు" అంటూ పక్కింటి అక్క లైటు వేసేదాకా వదల్లేదు.

అక్క కొడుకు ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాడు. పై బీపీ 80, ప్లేట్‌లెట్లు 22 వేలు. తర్వాత మూడు రోజులూ సెలైన్లు, రక్తపరీక్షలే. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు మాత్రం చేతులెత్తి మొక్కుతాను. "జ్వరం తగ్గాకే అసలు ప్రమాదమమ్మా. రక్తనాళాల్లోంచి నీరు బయటికి పోతుంది. ఆ ఒకటి రెండు రోజులూ కనిపెట్టుకుని ఉండాలి" అంది. ఈ ముక్క క్లినిక్‌లోనే చెప్పి ఉంటే మా ఆయన డ్యూటీకి పోయేవారా? మీ ఇంట్లో డెంగీ వస్తే, జ్వరం దిగినా సరే, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

నేను ఆస్పత్రిలో ఉండగా మా ఆయన పెరట్లోని కూలర్ విప్పి చూశారు. ఎండాకాలం నుంచి తీయనే లేదు. అడుగున నిలిచిన వాన నీళ్లలో దోమ పిల్లలు లుకలుకలాడుతున్నాయి. అయినా ఆడబిడ్డ మాత్రం "ఆ కుక్కను ఎక్కడన్నా వదిలేసి రమ్మను" అనే అంటోంది. కాలభైరవుడి వాహనమది. ఆయనే ఆ రాత్రి వాణ్ని గోడ దూకించాడని నా నమ్మకం.

సద్దుల బతుకమ్మ నాడు ఇంటికొచ్చాను. ఆడవాళ్లు బతుకమ్మలెత్తుకుని పద్మాక్షి గుట్ట వైపు పోతున్నారు. కర్రోడు ఎప్పట్లా మీదికి ఎగరలేదు. సెలైన్ సూది గుచ్చి కమిలిన చోట ముక్కు ఆనించి చాలాసేపు వాసన చూశాడు. చెవి వెనక గోకుతూ, "కసిరినందుకు ఏమనుకోకురా" అన్నాను. అక్క తెచ్చిన మలీద ముద్దలో మొదటి ముక్క వాడికే పెట్టాను. మా ఆడబిడ్డ గడప దగ్గర నిలబడి చూస్తోంది. ఇంకో ముక్క తుంచి పెట్టాను.